రెండేళ్ల పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ డ్రమ్ములు, బీడీవీ 19 వచ్చింది. వాడొచ్చా, పారబోయాలా?

పత్తిగింజ (పరకాల):
అందరికీ నమస్తే. పరకాల దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రికల్ పని నేనే చూసుకుంటా. మాకు సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, 500 కేవీఏ, 11 కేవీ నుంచి 433 వోల్టులు. రెండేళ్ల కింద ఓవర్‌హాలింగ్ చేసినప్పుడు కొత్త ఆయిల్ తెప్పించాం, వాడగా నాలుగు డ్రమ్ములు మిగిలాయి. మూడు సీలు తీయనివి, ఒకటి సగం. అప్పటినుంచి డీజిల్ జనరేటర్ రూము వెనక రేకుల పంచ కింద అట్లనే పడి ఉన్నాయి. ఇప్పుడు రేడియేటర్ వాల్వు దగ్గర గ్యాస్కెట్ కారుతోంది, అది మార్చాలంటే రేడియేటర్ ఖాళీ చెయ్యాలి, మొత్తం మీద ఒక 150 లీటర్లు పోయాల్సి వస్తుంది.

తెలిసినవాళ్ల దగ్గర బీడీవీ కిట్ (నూనె ఎన్ని కిలోవోల్టుల దాకా తట్టుకుంటుందో చూసేది, ఎంత ఎక్కువొస్తే అంత మంచిది) అడిగి తెచ్చుకుని పరీక్ష చేశా. ఆరు రీడింగులు 14, 31, 11, 22, 9, 27. సగటు 19. మా సేటు నమ్మట్లేదు. "సీలు కూడా తియ్యలేదు, ఎట్ల చెడిపోతది? ఇదేమన్నా పాలా?" అంటడు. దసరా దాటితే పత్తి బండ్లు లైను కడతాయి, అప్పుడు కరెంటు ఆపుతా అంటే ఊరుకోడు. ఏం చెయ్యమంటారు?

వడపోత భాయ్ (హనుమకొండ):
టెన్షన్ పడకు భాయ్. కొత్త ఆయిలే కదా, తేమ పట్టింది అంతే. ట్రాన్స్‌ఫార్మర్‌లో పోసేయ్, మన ఫిల్టర్ మిషన్ పెట్టి ఒక రాత్రంతా తిప్పుదాం, పొద్దున్నే 60 చూపిస్తా. ఇట్లాంటివి నెలకు పది చేస్తా.

పాత సబ్‌స్టేషన్ (కాజీపేట):
ఆగు బాబూ, ఏదీ పొయ్యకు. ముందు రెండు సంగతులు చెప్పు. డ్రమ్ములు నిలబెట్టి ఉన్నాయా, పడుకోబెట్టి ఉన్నాయా? శాంపిల్ ఎక్కడి నుంచి తీశావు, దేంతో తీశావు? ఇవి తెలియకుండా ఆ 19కి అర్థం లేదు. నేను డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరయ్యా, చాలా 19లు చూశా, అందులో సగం నూనెవి కావు, శాంపిల్ తీసినవాడివి.

పత్తిగింజ:
సార్, మూడు నిలబెట్టి ఉన్నాయి. ఒకటి మాత్రం జాగా చాలక గోడ వారన పడుకోబెట్టాం, రెండు కట్టెల మీద. శాంపిల్‌కి అన్నీ మూత తీసి స్టీలు గ్లాసుతో పై నుంచి తలా కొంచెం ముంచి ఒక క్యాన్‌లో కలిపా. కిట్ గిన్నె శుభ్రంగా కాటన్ వేస్ట్‌తో తుడిచే పోశా.

చుక్క పరీక్ష (కరీంనగర్):
అన్నా, చదువుతుంటే నవ్వొచ్చింది, ఏమనుకోకు. నేను ఆయిల్ ల్యాబులో పనిచేస్తా. జిన్నింగ్ మిల్లు ఆవరణలో, గాలిలో పత్తి పోగులు ఎగురుతుంటే, గిన్నెను కాటన్ వేస్ట్‌తో తుడిచి బీడీవీ చూశారా!

ఎందుకు నవ్వానో చెప్తా. ఆ గిన్నెలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య సందు 2.5 మిల్లీమీటర్లే. నూలు పోగు ఒక్కటి పడినా, దానికి కాస్త తేమ పట్టి ఉన్నా, వోల్టేజి పెరిగే కొద్దీ అది కొట్టుకుంటూ వచ్చి సరిగ్గా ఆ సందులోనే నిలబడుతుంది, రెండు కొసలనూ కలుపుతూ సన్న వంతెనలాగా. లైటు పెట్టి అద్దంలోంచి చూస్తే కంటికే కనిపిస్తుంది. అక్కడే టప్‌మని కొడుతుంది. మీ రీడింగులు చూడండి, 9 నుంచి 31 దాకా ఎగుడుదిగుడుగా ఉన్నాయి. అంత తేడా చూస్తే నాకు ముందు చెత్త మీదే అనుమానం. అంటే నూనె మంచిదని కాదు, మీ పరీక్షతో మంచిదో చెడ్డదో తేలలేదని.

గిన్నెను దేంతోనూ తుడవొద్దు. పరీక్ష చేసే నూనెతోనే రెండు మూడు సార్లు కడిగి పారబోయాలి. పోశాక బుడగలు పోవడానికి ఐదు నిమిషాలు ఆగాలి, ఒక్కో రీడింగుకీ మధ్య రెండు నిమిషాలు. ఇంకోటి, నాలుగు డ్రమ్ములవి కలిపితే ఏం తెలుస్తుంది? ఇంట్లో నలుగురి రక్తం ఒకే సీసాలో పోసి షుగర్ చూసినట్టు ఉంది.

పత్తిగింజ:
😀 ఒప్పుకుంటున్నా అక్కా. సేటు పక్కన నిలబడి తొందర పెడుతుంటే చేశా.

వడపోత భాయ్:
అక్క చెప్పింది కరెక్టే, కానీ ఎట్లాగూ ఫిల్టర్ చేస్తాం కదా. పోగు ఉన్నా పోతుంది, నీళ్లున్నా పోతాయి. మళ్లీ మళ్లీ పరీక్షలు ఎందుకు, టైము వేస్టు.

పాత సబ్‌స్టేషన్:
భాయ్, మీ మిషన్ మీద నాకేం కోపం లేదు. నూనెను 60 డిగ్రీల దాకా వేడి చేసి వ్యాక్యూమ్‌లో తిప్పితే నీళ్లు, గాలి పోతాయి, ఫిల్టర్‌లో చెత్త ఆగుతుంది. అంతవరకు మంచిదే. కానీ తడి నూనెను ముందు ట్రాన్స్‌ఫార్మర్‌లో పోసి ఆ తర్వాత తిప్పుదాం అన్నారే, అది తప్పు. ట్రాన్స్‌ఫార్మర్‌లో నీళ్లు ఎక్కువగా దాక్కునేది నూనెలో కాదు, కాయిళ్ల చుట్టూ ఉన్న కాగితంలో. కాగితం ఒకసారి తాగాక అంత తేలిగ్గా కక్కదు. మీరు రాత్రంతా తిప్పి పొద్దున 60 చూపించి బిల్లు తీసుకుని వెళ్తారు, కొన్నాళ్లకు కాగితంలోంచి మళ్లీ నూనెలోకి వస్తుంది, అప్పుడు ఈ తమ్ముడు సేటుకు జవాబు చెప్పుకోవాలి. ఏం చేసినా బయటే, డ్రమ్ము నుంచి డ్రమ్ముకు చెయ్యండి. పరీక్షలో పాసైన నూనే లోపలికి పోవాలి.

చుక్క పరీక్ష:
ఇంకోటి కూడా. పొద్దున్నే 60 చూపిస్తా అన్నారు కదా, ఆ శాంపిల్ మిషన్ నుంచి వేడిగా వస్తుండగానే తీస్తారు. వేడి నూనె నీళ్లను తనలో కరిగించుకుని దాచుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర దాదాపు 50 పీపీఎం (పది లక్షల వంతుల్లో 50 వంతుల) నీళ్లే పట్టే నూనె 60 డిగ్రీల దగ్గర 250 దాకా పట్టుకుంటుంది. వేడి మీద బీడీవీ 60 వచ్చిన నూనె చల్లారాక 35కి పడిపోవడం నేను చూశా. మూత పెట్టి చల్లారనిచ్చి అప్పుడు చూడండి.

వడపోత భాయ్:
సరే అక్కా, చల్లారాకే చూపిస్తా, కానీ సగం మంది కస్టమర్లకు అంత ఓపిక ఉండదు.

ఎలక్ట్రికల్ థర్డియర్ (వరంగల్):
నాదో చిన్న డౌటు. సీలు తియ్యని ఇనప డ్రమ్ములోకి నీళ్లు ఎట్లా పోతాయి? క్లాసులో నూనె ఆక్సిడేషన్ గురించి చెప్పారు గానీ డ్రమ్ము గురించి ఎవరూ చెప్పలేదు.

పాత సబ్‌స్టేషన్:
మంచి ప్రశ్న అడిగావు తమ్మీ. డ్రమ్ము ఊపిరి తీసుకుంటుంది.

లెక్క చూడు. ఈ నూనె ఒక్కో డిగ్రీకి దాదాపు 0.00075 వంతు వ్యాకోచిస్తుంది. డ్రమ్ము 210 లీటర్లు. మన దగ్గర మే నెలలో ఇనప రేకు కింద పగలు ఎంత కాగుతుందో, తెల్లవారుజామున ఎంత చల్లబడుతుందో నీకు తెలుసు, 25 డిగ్రీల తేడా అనుకో. దాదాపు 4 లీటర్లు ఉబ్బి, మళ్లీ 4 లీటర్లు తగ్గుతుంది. ఉబ్బినప్పుడు బిరడా పక్క నుంచి గాలి బయటికి తోస్తుంది, తగ్గినప్పుడు బయట ఏముంటే అది లోపలికి లాగుతుంది. బిరడా వాషర్ ఎండకు గట్టిపడి ఉంటుంది, సీలు అని మనం అనుకునేది మీద ఉన్న రేకు మూత మాత్రమే.

ఇప్పుడు నిలబెట్టిన డ్రమ్ము చూడు. మీది మూతకు చుట్టూ అంచు ఉంటుంది, తాంబాళం లాగా. వానాకాలం ఆ తాంబాళంలో నీళ్లు నిలుస్తాయి, బిరడాలు రెండూ ఆ నీళ్లలోనే మునిగి ఉంటాయి. మధ్యాహ్నం ఎండకు కాగిన డ్రమ్ము మీద సాయంత్రం ఒక్క జడి కొట్టిందంటే చాలు, నూనె గబుక్కున ముడుచుకుంటుంది, పైన నిలిచిన నీళ్లను గుటకలు వేస్తుంది.

అందుకే పడుకోబెట్టాలి. ఊరికే పడుకోబెట్టడం కాదు, రెండు బిరడాలూ గడియారంలో 3, 9 అంకెల దగ్గర ఉండేటట్టు దొర్లించి, కింద కట్టెలు పెట్టి. అప్పుడు రెండు బిరడాలకూ లోపలి వైపు నూనె ఆనుకుని ఉంటుంది. వాషర్ వదులైనా నూనె బయటికి చెమ్మగిల్లుతుందే తప్ప గాలి లోపలికి పోదు, పైగా కారితే కంటికి కనిపిస్తుంది. పడుకోబెట్టే జాగా లేకపోతే నిలబెట్టి, అడుగున ఒక పక్క చెక్కముక్క పెట్టి వంచాలి, నీళ్లు చేరే పల్లపు అంచు రెండు బిరడాలకూ దూరంగా మధ్యలో పడేటట్టు. దాని మీద టార్పాలిన్.

ఎలక్ట్రికల్ థర్డియర్:
అర్థమైంది సార్. నేనూ ఒక లెక్క వేశా, తప్పయితే చెప్పండి. ఐఎస్ 335 (ఈ ఆయిల్‌కు మన దేశంలో ఉన్న ప్రమాణం) ప్రకారం డ్రమ్ములో వచ్చే కొత్త నూనెలో నీళ్లు 40 పీపీఎం దాటొద్దు. 210 లీటర్లంటే సుమారు 185 కిలోలు. అంటే 7.4 గ్రాములు. చెంచాన్నర నీళ్లు!! మొత్తం డ్రమ్ముకు చెంచాన్నరతో లిమిట్ అయిపోతుందా?

సగం డ్రమ్ము అయితే ఇంకా ఘోరం అనిపిస్తోంది. సగం గాలే ఉంటుంది కాబట్టి 20 డిగ్రీల తేడాకు ఆ గాలి 7 లీటర్లు, నూనె ఇంకో లీటరున్నర, మొత్తం 8 లీటర్ల పైన రోజూ పీల్చి వదులుతుంది. వానాకాలం గాలిలో ఘనమీటరుకు ఇరవై గ్రాములకు పైగా తేమ ఉంటుంది, అంటే రోజుకు 0.2 గ్రాములు లోపలికి. సగం డ్రమ్ము లిమిట్ 3.7 గ్రాములు కదా, ఇరవై రోజుల్లో అయిపోతుంది.

పాత సబ్‌స్టేషన్:
లెక్క బాగుంది. కాకపోతే పీల్చిన తేమంతా లోపలే ఉండదు, వదిలేటప్పుడు కొంత పోతుంది, బిరడా గట్టిగా ఉంటే అంత గాలే ఆడదు. కాబట్టి ఇరవై రోజులని రాసిపెట్టుకోకు. కానీ చెంచాన్నర మాట మాత్రం నిజం, సేటుకు అదే చెప్పమను. గాలితో వచ్చే తేమ చిల్లర దొంగ, మూత మీద నిలిచిన నీళ్లు గజదొంగ. పాలా అని అడిగాడట కదా, పాలు కాదు, ఉప్పు అని చెప్పు. ఉప్పు ఎన్నేళ్లయినా చెడిపోదు, కానీ వానాకాలం మూత సరిగా పెట్టకపోతే ఏమవుతుందో ఇంట్లో అమ్మను అడగమను.

రేగొండ రైతు:
సారు, మా బాయికాడ 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది. పోయిన ఏడు దొంగలు దించి ఆయిల్ పారబోసి రాగి తీగ ఎత్తుకపోయిండ్రు, పొలమంత ఎండిపాయె. అది వేరే సంగతి. మా ఊర్లో ముసలోళ్లు ఈ ఆయిల్ మోకాళ్ల నొప్పులకు రాస్తరు, మస్తు పనిచేస్తదంటరు. నిజమేనా?

చుక్క పరీక్ష:
రాయొద్దు కాకా. వేడికి రాసినప్పుడు సుఖంగా ఉన్నట్టు అనిపిస్తుంది అంతే, ఇది పెట్రోలియం నూనె, చర్మానికి మంచిది కాదు. పైగా పాత ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఇంకా భయం, ఒకప్పుడు కొన్నిటిలో పీసీబీ అనే విషపదార్థం వాడేవాళ్లు, ఆ నూనె పోసిన పాత్రల నుంచి, మిషన్ల నుంచి వేరే నూనెల్లో కూడా కలుస్తుంది. 2016లో కేంద్రం దాని మీద ప్రత్యేకంగా ఉత్తర్వే ఇచ్చింది. ల్యాబులో మేం గ్లౌజులు లేకుండా ముట్టుకోం.

రేగొండ రైతు:
మా నాయనకు చెప్తా, వినడు గాని.

పత్తిగింజ:
అప్‌డేట్. ఇవాళ మళ్లీ శాంపిల్ తీశా, ఈసారి పద్ధతిగా. మిల్లులో కాదు, సేటు ఇంటి వెనక గదిలో. అక్క మెసేజ్‌లో చెప్పినట్టు మీటరు పొడవు గాజు గొట్టం తెచ్చా. పై రంధ్రం బొటనవేలితో మూసి డ్రమ్ము అడుగు దాకా దించి, అక్కడ వేలు తీసి, గొట్టం నిండాక మళ్లీ మూసి పైకి తీయడం. నీళ్లు నూనె కంటే బరువు కాబట్టి అడుగునే ఉంటాయని, గ్లాసుతో పైన ముంచితే ఎప్పటికీ దొరకవని నాకు ఇప్పటిదాకా తట్టలేదు.

ఒకటో డ్రమ్ము (నిలబెట్టింది) గొట్టం పైకి తీస్తే కింది కొసలో వేలెడు పొడవు నీళ్లు, తుప్పు రంగులో. నూనెకూ నీళ్లకూ మధ్య గీత గీసినట్టు ఉంది. మా హెల్పర్ "అన్నా చాయ్ లెక్కున్నది" అన్నాడు. దాన్ని బీడీవీ కిట్‌లో కూడా పొయ్యలేదు.

రెండో డ్రమ్ము (నిలబెట్టిందే, కానీ పైన పాత ఫ్లెక్సీ కప్పి ఉంది) నీళ్లు కనబడలేదు, కొద్దిగా మసకగా ఉంది. 24, 27, 25, 23, 26, 25. సగటు 25.

మూడోది పడుకోబెట్టింది. రెండేళ్లు అదే పంచ కింద, అదే ఎండ, అదే వాన. 49, 53, 51, 47, 52, 54. సగటు 51. నేను రెండు సార్లు చూసుకున్నా. జాగా లేక పడుకోబెట్టిన డ్రమ్ము ఒక్కటే బాగుంది సార్!

పాత సబ్‌స్టేషన్:
చూశావా. కొత్త నూనె డ్రమ్ములో వచ్చినప్పుడు 30 ఉంటే చాలు, ఫిల్టర్ చేశాక 70 రావాలి. 1993 నాటి ఐఎస్ 335లో ఫిల్టర్ తర్వాత 60 ఉండేది, 2018లో మార్చారు. మూడో డ్రమ్ము రెండేళ్ల తర్వాత 51 అంటే దొరలాగా ఉంది. రెండోది ఫిల్టర్‌కు పనికొస్తుంది. మరి సగం డ్రమ్ము సంగతేంటి, చెప్పలేదే?

పత్తిగింజ:
అదే చెప్పడానికి సిగ్గుగా ఉంది సార్. దాని బీడీవీ 38 వచ్చింది, బాగుందని సంతోషపడ్డా. కానీ మూత తీస్తే వాసన తేడాగా ఉంది. హెల్పర్‌ను నిలదీస్తే, మధ్యమధ్యలో తలుపుల బందులకూ, చైన్లకూ ఆ నూనె వాడుతున్నాడంట, తోడటానికి జనరేటర్‌కు డీజిల్ పోసే చేతి పంపే వాడాడంట. ఎన్ని సార్లు అంటే లెక్క లేదన్నాడు.

చుక్క పరీక్ష:
అయ్యో. అది పక్కన పెట్టండి, దాని గురించి ఇంక ఆలోచించొద్దు. బీడీవీ నీళ్లను, పోగులను పట్టిస్తుంది గానీ డీజిల్‌ను పట్టించదు, డీజిల్ కూడా కరెంటును బాగానే ఆపుతుంది. ప్రమాదం వేరే చోట ఉంది. ఈ నూనె ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరి అంటుకునే వేడి, కనీసం 135 డిగ్రీలు ఉండాలి. డీజిల్‌ది అంతకంటే చాలా తక్కువ, కొద్దిగా కలిసినా మొత్తానిది కిందికి దిగుతుంది. అట్లాంటి నూనె ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉంటే ఏదైనా ఫాల్ట్ వచ్చినప్పుడు అంటుకోవడం తేలిక. మీ దగ్గర చుట్టూ పత్తి.

వడపోత భాయ్:
ఇది మాత్రం నేనూ ఒప్పుకుంటా. డీజిల్, కిరోసిన్, ఇంజన్ ఆయిల్ కలిసిన నూనె నా మిషన్‌లో పెట్టనివ్వను, మిషన్ కూడా ఖరాబైతది, తర్వాత కస్టమర్ నూనె కూడా ఖరాబైతది. ఒకసారి ఇట్లనే ఒకాయన చెప్పకుండా పెట్టించిండు, మిషన్ కడగడానికి రెండు డ్రమ్ముల మంచి ఆయిల్ పోయింది.

ఎలక్ట్రికల్ థర్డియర్:
హోసు పైపుల గురించి కూడా చెప్తారా? మామూలు రబ్బరు పైపు వాడొద్దని ఎక్కడో చదివా.

పాత సబ్‌స్టేషన్:
నిజమే. రబ్బరులో గంధకం ఉంటుంది, నూనె దాన్ని కరిగించుకుని రాగి మీద పడుతుంది. నూనెను తట్టుకునే నైట్రైల్ రకం పైపులే వాడాలి. అట్లాగే రాగి, జింకు పూత ఉన్న పాత్రల్లో ఎక్కువ కాలం ఉంచొద్దు, రాగి నూనెను త్వరగా పులియబెడుతుంది. గాజు సీసాలో శాంపిల్ తీస్తే ఎండలో పెట్టొద్దు, ముదురు రంగు సీసా మంచిది.

కొత్త కరెంటోడు (జమ్మికుంట):
ఇప్పుడు వెజిటబుల్ ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్లు వస్తున్నాయి కదా, వాటికి ఈ తేమ గొడవ లేదంటారు?

చుక్క పరీక్ష:
గొడవ తక్కువ. అది మామూలు ఉష్ణోగ్రతలో 1000 పీపీఎం దాకా నీళ్లు పట్టుకుంటుంది, కాబట్టి అదే తేమకు బీడీవీ అంత పడిపోదు. కానీ గాలి తగిలితే అది త్వరగా పాడవుతుంది, పల్చటి పొరగా ఉన్నచోట వంటింటి గోడ మీద నూనె జిడ్డులాగా బంకగా మారుతుంది. తెరిచిన డ్రమ్మును నైట్రోజన్ నింపి మూయాలి. అంటే ఒక తలనొప్పి పోయి ఇంకోటి వచ్చింది. మినరల్ ఆయిల్‌తో, అంటే మన మామూలు పెట్రోలియం నూనెతో కలపడం గురించి అసలు అడగకండి.

పత్తిగింజ:
ఆఖరి అప్‌డేట్, పది రోజులు పట్టింది. రెండో డ్రమ్మును భాయ్ వచ్చి బయటే ఫిల్టర్ చేశాడు, శుభ్రమైన డ్రమ్ములోకి. మూత పెట్టి రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున పరీక్ష చేస్తే 72. మూడోదాన్ని కూడా తిప్పాడు, అది 76. భాయ్ ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు, గొట్టం శాంపిల్ తనే తీశాడు.

ఒకటో డ్రమ్మును కూడా అడుగున నీళ్లు తీసేసి ఫిల్టర్ చెయ్యమని సేటు పట్టుబట్టాడు. చేస్తే 61 వచ్చింది. వాడేద్దామన్నాడు. నేను ఒక సీసా అక్క ల్యాబుకు పంపా.

చుక్క పరీక్ష:
ఆ రిపోర్టు నేనే చూశా. నీళ్లు పోయాయి గానీ టాన్ డెల్టా (నూనెలో కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పే కొలత) 90 డిగ్రీల దగ్గర 0.011 వచ్చింది. కొత్త నూనెకు 0.005 లోపు ఉండాలి. తుప్పు, డ్రమ్ము లోపలి పూత ఏదో కరిగి ఉంటుంది. ఫిల్టర్‌తో అది పోదు. మలినాలను పీల్చే ఫుల్లర్స్ ఎర్త్ మట్టి మీదుగా పంపిస్తే పోవచ్చు, కానీ 200 లీటర్ల కోసం ఎవరు చేస్తారు. నేనైతే నడుస్తున్న మంచి నూనెలో అది కలపను.

పాత సబ్‌స్టేషన్:
కలపొద్దు. నీకు కావాల్సింది 150 లీటర్లు, చేతిలో రెండు మంచి డ్రమ్ములున్నాయి. కక్కుర్తి ఎందుకు. పోసేటప్పుడు మాత్రం సప్లై పూర్తిగా ఆపి, ఎర్త్ చేసి, వాన లేని రోజు, ఎండెక్కాక పొయ్యి. డ్రమ్ము బయటి గాలి కంటే చల్లగా ఉన్నప్పుడు విప్పితే లోపల చెమ్మ పడుతుంది. పోశాక గాలి బుడగలు తేలేదాకా ఆగి, అప్పుడు ఛార్జ్ చెయ్యి. ట్రాన్స్‌ఫార్మర్ గాలి పీల్చే బ్రీదర్‌లో తేమ పట్టే సిలికా జెల్ ఏ రంగులో ఉంది?

పత్తిగింజ:
నీలం పోయి గులాబీ సార్, మార్చేశా. మొన్న ఆదివారం పోసి, సోమవారం పొద్దున ఛార్జ్ చేశా, బాగుంది. మిగిలిన డ్రమ్మును జనరేటర్ రూములోపలే పడుకోబెట్టా, బిరడాలు 3, 9 దగ్గర, సుద్దతో గడియారం బొమ్మ కూడా గీశా, హెల్పర్ కోసం. పాడైన రెండూ పొల్యూషన్ బోర్డులో రిజిస్టరైన రీసైక్లర్‌కు ఇస్తున్నాం, కాగితాలు పెట్టుకున్నా. డీజిల్ పంపుకు ఎర్ర రంగు కొట్టా.

ఒక్క డౌటు. ఖాళీ అయిన డ్రమ్మును మా హెల్పర్ ఇంటికి అడుగుతున్నాడు, నీళ్లు పట్టుకుంటాడంట. ఇయ్యొచ్చా?

చుక్క పరీక్ష:
ఇవ్వకండి. ఎంత కడిగినా నూనె అతుకుల్లో ఉంటుంది. అది కూడా రీసైక్లర్‌కే పంపండి.

రేగొండ రైతు:
గడియారం బొమ్మ ఫోటో పెట్టు అన్నా.

పత్తిగింజ:
రేపు పెడతా, ఇప్పుడు డ్యూటీలో ఉన్నా, మొదటి పత్తి బండి వచ్చింది.